డేటా సఫిషియెన్సీ: రెండు జవాబులు దొరికాయంటే సమాచారం చాలనట్టే

ఒక సంవత్సరంలో ఆగస్టు 15 ఏ వారం వచ్చింది? ప్రశ్న కింద రెండు స్టేట్‌మెంట్లు ఉన్నాయి. మొదటిది, ఆ ఏడాది జూలై 4 మంగళవారం. రెండోది, ఆ ఏడాది జనవరి 26 గురువారం. జవాబు తేల్చడానికి వీటిలో ఏది చాలుతుంది?

లెక్కలంటే హుషారున్నవాళ్లు చదవడం పూర్తికాకముందే రోజులు కూడటం మొదలుపెడతారు. జూలైలో మిగిలినవి 27, ఆగస్టులో 15, మొత్తం 42. ఏడుతో నిశ్శేషంగా పోతుంది కాబట్టి ఆగస్టు 15 కూడా మంగళవారమే. ఇక రెండో స్టేట్‌మెంట్. జనవరిలో మిగిలినవి 5, ఫిబ్రవరి 28, మార్చి 31... అలా కూడుకుంటూ వస్తే 201. ఏడుతో భాగిస్తే శేషం 5. గురువారం నుంచి ఐదు రోజులు ముందుకెళ్తే మంగళవారం. రెండు దారుల్లోనూ ఒకే జవాబు వచ్చింది కదా, ఏ స్టేట్‌మెంటయినా ఒక్కటే చాలు అని గుర్తు పెట్టేస్తారు. అది తప్పు. ఫిబ్రవరికి 28 రోజులేనని ఎవరు చెప్పారు? అది లీపు సంవత్సరమైతే 202 రోజులు అవుతాయి, ఆగస్టు 15 బుధవారం వస్తుంది.

ఇచ్చిన సమాచారం జవాబుకి చాలుతుందా లేదా అని మాత్రమే అడిగే ఇలాంటి ప్రశ్నల్నే డేటా సఫిషియెన్సీ అంటారు. దాని కిటుకంతా ఈ చిన్న లెక్కలో ఉంది. 201 దాకా కూడిన శ్రమ ఎందుకూ పనికిరాలేదు. అడగాల్సింది ఒక్కటే: ఈ రెండు తేదీల మధ్య ఫిబ్రవరి 29 దూరే వీలుందా? జూలై 4కీ ఆగస్టు 15కీ మధ్య ఫిబ్రవరి లేదు. కాబట్టి రోజులు లెక్కపెట్టకుండానే ఒక్క వారమే వస్తుందని చెప్పేయవచ్చు. అది ఏ వారమో మనకు అక్కర్లేదు. జనవరి 26 నుంచి బయల్దేరితే ఫిబ్రవరి దాటాలి, కాబట్టి మంగళవారమైనా కావచ్చు, బుధవారమైనా కావచ్చు. మొదటిది చాలు, రెండోది చాలదు. రెండో స్టేట్‌మెంట్‌లో జనవరి 26 బదులు ‘ఏప్రిల్ 14 శుక్రవారం’ అని ఇచ్చి ఉంటే అది కూడా చాలేది.

తెలుగు విద్యార్థులకు ఈ ప్రశ్నలు ఎక్కువగా ఎదురయ్యేది ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష అయిన ఐసెట్‌లో. ఆంధ్రప్రదేశ్ ఐసెట్‌లోనూ తెలంగాణ ఐసెట్‌లోనూ అనలిటికల్ ఎబిలిటీకి 75 మార్కులు, అందులో 20 డేటా సఫిషియెన్సీవే. మొత్తం 200 ప్రశ్నలకు 150 నిమిషాలు, అంటే ఒక్కో ప్రశ్నకు 45 సెకన్లు. సివిల్స్ ప్రిలిమ్స్‌లో రెండో పేపరైన యూపీఎస్సీ సీశాట్ సిలబస్‌లో దీని పేరు ఉంది. బ్యాంకు పరీక్షల్లో రీజనింగ్ కింద వస్తుంది. అమెరికా, యూరప్ బిజినెస్ స్కూళ్లకో, హైదరాబాద్ ఐఎస్‌బీకో వెళ్లాలనుకునేవారికి జీమ్యాట్ ఉంది. అసలు ఈ తరహా ప్రశ్నకు ఇంత పేరు తెచ్చింది జీమ్యాటే. పాత జీమ్యాట్‌లో ఇవి క్వాంట్ (గణిత) సెక్షన్‌లో ఉండేవి. 2023 నవంబరులో వచ్చిన కొత్త రూపంలో వీటిని అక్కడి నుంచి తీసి డేటా ఇన్‌సైట్స్ అనే సెక్షన్‌లో పెట్టారు. ఆ సెక్షన్‌లో 20 ప్రశ్నలకు 45 నిమిషాలు. పట్టికలు, గ్రాఫులతో పాటు ఇవీ కలిసి వస్తాయి. పాత పరీక్షలో పట్టికలు, గ్రాఫుల ప్రశ్నలుండే ఇంటిగ్రేటెడ్ రీజనింగ్ సెక్షన్ మార్కులు మొత్తం స్కోరులో కలిసేవి కావు. ఇప్పుడు డేటా ఇన్‌సైట్స్‌కు క్వాంట్, వెర్బల్ సెక్షన్లతో సమానమైన బరువు ఉంది. పైగా తెర మీద కాలిక్యులేటర్ కూడా ఇస్తారు. డేటా సఫిషియెన్సీలో మాత్రం దాని అవసరం దాదాపు రాదు. పరీక్షించేది లెక్క చేసే వేగాన్ని కాదు కాబట్టి.

మరి దేన్ని పరీక్షిస్తారు? ఇచ్చిన సమాచారంతో జవాబు ఒక్కటే అవుతుందా, ఒకటికి మించి అవుతుందా అన్నది పట్టుకునే చూపుని. మన చదువు దీనికి సరిగ్గా ఎదురు దిక్కులో సాగింది. పదో తరగతిలో స్టెప్పులు రాస్తే మార్కులు, జవాబు కింద గీత గీస్తే తృప్తి. పరీక్షలో ఇచ్చిన ప్రతి లెక్కకూ జవాబు ఉండి తీరుతుందన్న నమ్మకం, ఇచ్చిన ప్రతి సంఖ్యనూ ఎక్కడో ఒకచోట వాడాలన్న అలవాటు ఇంటర్ అయ్యేసరికి బాగా గట్టిపడతాయి. ఇక్కడ ఆ రెండూ దెబ్బతీస్తాయి. జవాబు తేలకపోవడమే సరైన ఆప్షన్ కావచ్చు. ఇచ్చిన రెండింటిలో ఒకటి పూర్తిగా అనవసరం కావచ్చు. బీటెక్ చదివి, క్వాంట్‌లో అదరగొట్టేవాళ్లు కూడా ఈ ప్రశ్నల దగ్గర తడబడటానికి కారణం ఇదేనని నా గట్టి అభిప్రాయం. వాళ్లకు లెక్క రాక కాదు, లెక్క చేయకుండా ఉండటం రాక.

కాబట్టి పని తీరు మార్చుకోవాలి. స్టేట్‌మెంట్ చదివాక ‘జవాబెంత?’ అనుకోవద్దు. ‘దీన్ని మీరకుండా రెండు వేర్వేరు జవాబులు తేగలనా?’ అనుకోవాలి. రెండు దొరికాయా, చాలదు. ఎంత ప్రయత్నించినా ఒక్కటే వస్తోందా, ఎందుకు ఒక్కటే వస్తోందో కారణం కనబడిందా, చాలు. కేసు కొట్టేయించడానికి వాదించే డిఫెన్స్ లాయరులా స్టేట్‌మెంట్‌ని బద్దలు కొట్టాలనే చూడాలి. బద్దలు కాకపోతేనే ఒప్పుకోవాలి.

రెండు సమీకరణాల మూఢనమ్మకం

‘రెండు తెలియని రాశులుంటే రెండు సమీకరణాలు కావాలి.’ ఈ ఒక్క వాక్యాన్ని గుడ్డిగా నమ్మడం వల్ల పోయే మార్కులు బోలెడు. దీన్ని కొంచెం నిలబడి చూద్దాం.

ఒకమ్మాయి 7 రూపాయల పెన్నులు కొన్ని, 11 రూపాయల నోటుబుక్కులు కొన్ని కొన్నది. పెన్నులు ఎన్ని? మొదటి స్టేట్‌మెంట్: మొత్తం 100 రూపాయలు అయింది. రెండో స్టేట్‌మెంట్: పెన్నులు, నోటుబుక్కులు కలిపి 12.

నమ్మకం ప్రకారం పోతే రెండు రాశులు, రెండు సమీకరణాలు, రెండూ కలిపితేనే జవాబు. మూడొంతుల మంది అలాగే పెడతారనిపిస్తుంది. కానీ పెన్నులు సగం, పావు కొనలేం కదా. పెన్నుల సంఖ్యను ‘ప’ అనీ, నోటుబుక్కులను ‘న’ అనీ అనుకుంటే 7ప + 11న = 100. వందలోంచి పదకొండ్లు తీసేస్తూ పోదాం: 89, 78, 67, 56, 45, 34, 23, 12, 1. వీటిలో ఏడుతో పోయేది 56 ఒక్కటే. వందను కూడా చూశాం, అది పోదు. అంటే నోటుబుక్కులు 4, పెన్నులు 8, మరో దారి లేదు. మొదటి స్టేట్‌మెంట్ ఒక్కటే చాలు. రెండోదాన్ని విడిగా చూస్తే పన్నెండింటిని ఎలాగైనా పంచుకోవచ్చు, అది చాలదు.

ఇప్పుడు 100 బదులు 150 రూపాయలు అని మార్చండి. 7ప + 11న = 150. నోటుబుక్కులు 6 అయితే 66 పోగా 84 మిగులుతుంది, పెన్నులు 12. నోటుబుక్కులు 13 అయితే 143 పోగా 7 మిగులుతుంది, పెన్ను 1. రెండు జవాబులు దొరికాయి కాబట్టి ఈసారి మొదటి స్టేట్‌మెంట్ చాలదు. రెండో స్టేట్‌మెంట్‌లో మొత్తం 18 అని ఇస్తే అప్పుడు రెండూ కలిపి చాలుతాయి. కథ అదే, మాటలు అవే, ఒక్క సంఖ్య మారితే జవాబు మారిపోయింది. అందుకే ఈ ప్రశ్నల్లో ‘ఇలాంటిది ముందే చేశాను, జవాబు ఇదే’ అని గుర్తుపట్టి పెట్టేయడం ప్రమాదం. మనుషులు, బస్సులు, టిక్కెట్లు, ఏవైనా ముక్కలు చేయలేని వస్తువులు కనబడితే, ఒక్క సమీకరణం దగ్గర కూడా నాలుగు విలువలు పెట్టి చూడటం తప్పనిసరి. ధరలు 10, 15 లాగా ఉమ్మడి కారణాంకం ఉన్నవైతే సాధారణంగా చాలా జవాబులు వస్తాయి: 100 రూపాయలకు 10 పెన్నులే కొనొచ్చు, 7 పెన్నులు 2 పుస్తకాలు కొనొచ్చు, 4, 4 కొనొచ్చు. ధరలు 7, 11 లాగా పొంతన లేనివై, మొత్తం మరీ పెద్దది కాకపోతే అనుమానించాలి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. రెండు సమీకరణాలు ఉన్నా చాలకపోవచ్చు. మూడు పెన్నులు, రెండు నోటుబుక్కుల ధర 80 రూపాయలు అని ఒకటి, ఆరు పెన్నులు, నాలుగు నోటుబుక్కుల ధర 160 రూపాయలు అని ఇంకొకటి ఇస్తే రెండోది మొదటిదాన్ని రెట్టించి చెప్పడమే. కొత్త సమాచారం సున్నా. పెన్ను ధర రెండూ కలిపినా తేలదు. అంకెలు ఇంత తేటగా ఉంటే ఎవరైనా పట్టుకుంటారు. అదే విషయాన్ని ఒకచోట శాతంగా, ఇంకోచోట నిష్పత్తిగా చెప్పినప్పుడు జారిపోతుంది. ఒక కాలేజీలో అబ్బాయిలు, అమ్మాయిల నిష్పత్తి 3:2 అని ఒకటి, విద్యార్థుల్లో 40 శాతం అమ్మాయిలు అని ఇంకొకటి ఇచ్చి, అమ్మాయిలు ఎందరు అని అడిగారనుకోండి. రెండు వాక్యాలూ ఒక్కటే విషయం చెబుతున్నాయి, సంఖ్య మాత్రం ఎక్కడా లేదు.

మరి రెండు సమీకరణాలు నిజంగా వేర్వేరైతే? అప్పుడు సాధించకుండా వదిలేయడం నేర్చుకోవాలి. రైలు పొడవెంత అని ప్రశ్న. స్తంభాన్ని 12 సెకన్లలో దాటిందని మొదటిది, 150 మీటర్ల ప్లాట్‌ఫామ్‌ని అదే వేగంతో 22 సెకన్లలో దాటిందని రెండోది. పొడవు, వేగం తెలియవు. ఒక్కోదాంతో విడిగా తేలదు. రెండూ వేర్వేరు సమాచారం ఇస్తున్నాయి, వేగం మారలేదు, కాబట్టి కలిపితే తేలుతుంది. అక్కడితో పెన్ను పక్కన పెట్టాలి. 180 మీటర్లని లెక్కకట్టడానికి పట్టే అరనిమిషం ఐసెట్‌లో ఇంకో ప్రశ్నకు దాదాపు సరిపడేంత సమయం.

‘కాదు’ కూడా జవాబే

ఎంత, ఎవరు, ఎప్పుడు అని అడిగే ప్రశ్నలు ఒక రకం. అవునా కాదా అని అడిగేవి రెండో రకం. ఎక్కువమంది తెలిసి కూడా మార్కు పోగొట్టుకునేది ఈ రెండో రకంలోనే.

‘ఎన్’ ఒక పూర్ణ సంఖ్య. అది సరి సంఖ్యేనా? మొదటి స్టేట్‌మెంట్: ఆ సంఖ్యని దాని తర్వాతి సంఖ్యతో గుణిస్తే సరి సంఖ్య వస్తుంది. రెండో స్టేట్‌మెంట్: ఆ సంఖ్యకు మూడు రెట్లు కట్టి 4 కలిపితే బేసి సంఖ్య వస్తుంది.

మొదటిది చూడ్డానికి ఏదో చెబుతున్నట్టే ఉంటుంది. 4, 5 గుణిస్తే 20. 7, 8 గుణిస్తే 56. పక్కపక్కనున్న రెండు పూర్ణ సంఖ్యల్లో ఒకటి ఎప్పుడూ సరి సంఖ్యే కాబట్టి, ఏ సంఖ్య తీసుకున్నా ఈ మాట నిజమే. అన్నింటికీ నిజమయ్యే మాట దేన్నీ తగ్గించదు, ఆ స్టేట్‌మెంట్ ఇవ్వనట్టే లెక్క. రెండోదాని సంగతి చూద్దాం. 4 కలిపాక బేసి వచ్చిందంటే కలపకముందూ బేసే. మూడు రెట్లు బేసి అయిందంటే అసలు సంఖ్య కూడా బేసే. అంటే ‘ఎన్’ సరి సంఖ్య కాదు. ఇక్కడే చాలామంది మనసు ఎదురు తిరుగుతుంది. సరి సంఖ్యా అని అడిగారు, కాదని తేలింది, కాబట్టి ఈ స్టేట్‌మెంట్ చాలదని పెట్టేస్తారు. అడిగింది సమాచారం చాలుతుందా అని. ‘ఖచ్చితంగా కాదు’ అని చెప్పగలిగాం కాబట్టి చాలింది. చాలకపోవడం అంటే ఒకసారి అవును, ఒకసారి కాదు అని రావడం. ఈ ముక్క బుర్రకెక్కడానికి సాధనలో ఒక పని చేయండి. అవునా కాదా ప్రశ్న కనబడగానే పక్కన ‘అవును మాత్రమే: చాలు. కాదు మాత్రమే: చాలు. రెండూ: చాలదు’ అని రాసుకోండి. కొన్నాళ్లకు రాయకుండానే కళ్ల ముందు ఆడుతుంది.

విలువలు పెట్టి చూడాల్సివచ్చినప్పుడు మనకు ముందుగా తట్టేవి 2, 3, 5, 10. ప్రశ్న తయారుచేసేవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు. ఒక సంఖ్య వర్గం ఆ సంఖ్య కన్నా పెద్దదా అని అడిగారనుకోండి. ఆ సంఖ్య సున్నా కన్నా పెద్దదని మొదటి స్టేట్‌మెంట్. 2 పెడితే 4, అవును. 3 పెడితే 9, అవును. ఇక్కడ ఆగితే చాలుతుందనిపిస్తుంది. అర పెట్టి చూడండి, వర్గం పావు అవుతుంది, తగ్గిపోయింది. కాబట్టి చాలదు. ఆ సంఖ్య 1 కన్నా చిన్నదని రెండో స్టేట్‌మెంట్. అర పెడితే కాదు, రుణ 1 పెడితే అవును. ఇదీ చాలదు. రెండూ కలిపితే సంఖ్య సున్నాకీ ఒకటికీ మధ్యలో ఇరుక్కుంటుంది, అక్కడ ప్రతి సంఖ్యకీ వర్గం చిన్నదే. జవాబు ఖచ్చితంగా ‘కాదు’, రెండూ కలిసి చాలాయి. సున్నా, ఒకటి, రుణ సంఖ్య, సున్నాకీ ఒకటికీ మధ్య భిన్నం, వీలైతే రుణ భిన్నం: ప్రశ్నలో ‘పూర్ణ సంఖ్య’ అనో ‘ధన సంఖ్య’ అనో రాయనంతవరకు ఇవన్నీ రంగంలో ఉన్నట్టే. రాశారా లేదా అన్నది ప్రశ్న మొదటి వాక్యంలోనే వెతుక్కోవాలి. ఒక సంఖ్య వర్గం 49 అంటే ఆ సంఖ్య 7 కావచ్చు, రుణ 7 కావచ్చు. చతురస్రం వైశాల్యం 49 చదరపు సెంటీమీటర్లంటే భుజం 7 మాత్రమే, పొడవు రుణంలో ఉండదు. వర్గ సమీకరణం కనబడగానే రెండు మూలాలు వస్తాయి కాబట్టి చాలదు అనుకోవడం కూడా తొందరపాటే. రెండు మూలాలూ సమానం కావచ్చు, లేదా రెండోది ప్రశ్నలోని షరతుకి ఎగిరిపోవచ్చు.

అడిగిందెంత, కావాల్సిందెంత

ఒక వస్తువు అమ్మితే వచ్చిన లాభ శాతం ఎంత? అమ్మినవెల కొన్నవెలకు నాలుగింట ఐదు వంతులు, అంటే ఐదు బై నాలుగు రెట్లు, అని మొదటి స్టేట్‌మెంట్. లాభం 200 రూపాయలు అని రెండోది. రూపాయలు కనబడితేగానీ మనకు లెక్క నిజమనిపించదు. అందుకే రెండోది బరువైనదిగా, మొదటిది తేలికగా తోస్తుంది. ఉన్నది దానికి తిరగబడి ఉంది. శాతానికి నిష్పత్తి చాలు: నాలుగు పెట్టి కొన్నది ఐదుకు అమ్మితే 25 శాతం. రెండు వందల లాభం మాత్రం వెయ్యి మీదా, లక్ష మీదా తెలియకపోతే శాతం రాదు. ప్రశ్న చదివాక, స్టేట్‌మెంట్ల వైపు చూపు పోనివ్వకుండా, దీనికి నిజంగా కావాల్సిందేమిటని ఐదు సెకన్లు ఆలోచిస్తే ఇలాంటివి చిటికెలో తేలతాయి. శాతం, నిష్పత్తి అడిగితే అసలు విలువలు తెలియక్కర్లేదు. రెండు సంఖ్యల మొత్తం అడిగితే విడివిడిగా ఆ సంఖ్యలు తెలియక్కర్లేదు.

రీజనింగ్ ప్రశ్నల్లోనూ అంతే. రవి, సీత, గోపి, లతల్లో అందరికన్నా పొడుగెవరు? రవి సీత కన్నా పొడుగు, లత కన్నా పొట్టి అని మొదటిది. గోపి రవి కన్నా పొట్టి అని రెండోది. మొదటిదాంతో లత, రవి, సీత వరుస తెలిసింది, గోపి సంగతి తెలియదు. రెండోది కలిపితే గోపి రవి కిందకు వచ్చాడు, అంటే లతే అందరికన్నా పొడుగు. గోపి, సీతల్లో ఎవరు పొడుగో ఇప్పటికీ తెలియదు. తెలియనక్కర్లేదు. కొందరు ఆ వెలితి చూసి, వరుస పూర్తికాలేదు కాబట్టి చాలదని పెడతారు. అదే రెండో స్టేట్‌మెంట్ ‘గోపి సీత కన్నా పొడుగు’ అని ఉంటే గోపి లతను దాటాడో లేదో తెలియదు. అప్పుడు రెండూ కలిపినా చాలవు, ఆ ఆప్షన్ పెట్టడానికి వెనకాడకూడదు. జవాబు లేని ప్రశ్న ఇస్తారా అన్న సంకోచంతో ఈ ఆప్షన్‌ని వదిలేసేవాళ్లు తమకు దొరికిన మార్కుని చేతులారా జారవిడుచుకుంటున్నారు.

ఇక్కడ ఒక క్రమశిక్షణ గురించి చెప్పాలి. రెండో స్టేట్‌మెంట్ చూసేటప్పుడు మొదటిదాన్ని మరిచిపోవాలి. చెప్పడం తేలిక, చేయడం కష్టం. మొదటి స్టేట్‌మెంట్‌లో తండ్రి వయసు రవి వయసుకి మూడు రెట్లు అని చదివాక, రెండోది ‘పన్నెండేళ్ల తర్వాత రెండు రెట్లవుతుంది’ అని ఉంటే మనసు దానంతట అదే రెండూ కలిపేస్తుంది. రవికి 12, తండ్రికి 36 అని లెక్క వచ్చేస్తుంది. ఆ ఊపులో రెండో స్టేట్‌మెంట్ ఒక్కటే చాలిందని పెట్టేస్తారు. రెండోదాన్ని ఒంటరిగా చూస్తే రవికి 10, తండ్రికి 32 ఏళ్లయినా కుదురుతుంది, 20, 52 అయినా కుదురుతుంది. కాగితం మీద మొదటి స్టేట్‌మెంట్‌కి చేసిన పనికి అడ్డంగా గీత గీసి, గీత కింద రెండోదాన్ని కొత్తగా మొదలుపెట్టడం మంచి అలవాటు.

జీమ్యాట్‌లో ఇంకో విషయం పనికొస్తుంది. రెండు స్టేట్‌మెంట్లూ నిజాలే, ఒకదానికొకటి ఎప్పుడూ విరుద్ధంగా ఉండవు. మొదటిదాంతో 8 ఒక్కటే వచ్చి, రెండోదాంతో 5 ఒక్కటే వస్తే ఎక్కడో మన లెక్క తప్పిందని అర్థం.

ఆప్షన్ల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త కావాలి, ముఖ్యంగా ఒకేసారి రెండు మూడు పరీక్షలకు చదివేవాళ్లకు. జీమ్యాట్‌లో ఐదు ఆప్షన్లు, వాటి వరుస మారదు: ‘ఏ’ అంటే మొదటిది మాత్రమే చాలు, ‘బీ’ అంటే రెండోది మాత్రమే, ‘సీ’ అంటే విడిగా చాలవు, కలిపితే చాలు, ‘డీ’ అంటే దేనికది చాలు, ‘ఈ’ అంటే కలిపినా చాలవు. మొదటి స్టేట్‌మెంట్ చాలిందంటే ‘ఏ’ లేదా ‘డీ’ మిగులుతాయి. చాలలేదంటే ‘బీ’, ‘సీ’, ‘ఈ’ మిగులుతాయి. రెండో స్టేట్‌మెంట్ మరీ జటిలంగా ఉంటే కూడా సగం ఆప్షన్లు అప్పటికే పోయినట్టే. ఐసెట్‌లో ఆప్షన్లు నాలుగే. మొదటిది మాత్రమే, రెండోది మాత్రమే, రెండూ కలిపితేనే, కలిపినా చాలవు. అంటే జీమ్యాట్‌లో నాలుగోది ‘దేనికది చాలు’ అయితే ఐసెట్‌లో నాలుగోది ‘కలిపినా చాలవు’. బ్యాంకు పరీక్షల్లో ఎక్కువగా కనిపించే ఐదు ఆప్షన్ల వరుసలో మూడోది ‘ఏదో ఒకటి చాలు’, నాలుగోది ‘రెండూ కలిపినా చాలవు’, ఐదోది ‘రెండూ కలిపితేనే’. సీశాట్‌లో ఇంకో పద్ధతి చూస్తాం: ఒక్కటి చాలి రెండోది చాలకపోతే, చాలింది ఏదైనా సరే, ఒకే ఆప్షన్. అంటే లెక్కంతా సరిగ్గా చేసి, అలవాటు కొద్దీ వేరే పరీక్ష ఆప్షన్ దిద్దేసే ప్రమాదం నిజంగానే ఉంది. ప్రశ్నల ముందు ఇచ్చే సూచనలు హాల్లో మళ్లీ ఒకసారి చదవడానికి పట్టేది పది సెకన్లు.

సాధన ఎలా చేయాలన్నది చాలామంది అడుగుతారు. రోజుకి యాభై ప్రశ్నలు చేయడం కన్నా పదిహేను చేసి, ప్రతిదానికీ రుజువు రాసుకోవడం మేలని నేను నమ్ముతాను. చాలదు అని పెట్టిన ప్రతిచోటా ఆ రెండు వేర్వేరు జవాబులూ కాగితం మీద కనబడాలి. ‘చాలదనిపించింది’ అన్నది రుజువు కాదు. చాలు అని పెట్టినచోట ఎందుకు ఒక్కటే వస్తుందో సగం వాక్యంలో రాయాలి: ఫిబ్రవరి తగలదు, ముక్కలు కొనలేం, నిష్పత్తి చాలు, ఇలా. కీ చూశాక తప్పయితే, తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో పక్కన పేరు పెట్టాలి. లెక్క తప్పా, ‘కాదు’ని చాలదనుకున్నామా, మొదటిదాన్ని రెండోదాంట్లోకి మోసుకొచ్చామా, భిన్నం పెట్టి చూడలేదా. రెండు వారాలు ఇలా చేస్తే మీ తప్పుల్లో ఎక్కువ భాగం ఒకటి రెండు పేర్ల కిందకే వస్తాయి. ఎక్కడ దృష్టి పెట్టాలో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

సమయం పెట్టుకుని చేయడం ఆ తర్వాతే మొదలుపెట్టండి. ఐసెట్‌కైతే పాత ప్రశ్నపత్రాల్లోని ఇరవై ప్రశ్నలను పదిహేను నిమిషాల్లో పూర్తిచేయడం లక్ష్యం. ఇరవయ్యీ ఒకే కష్టంతో ఉండవు. వయసులు, లాభనష్టాలు, వరుస క్రమాల్లాంటివి ఇరవై సెకన్లలో తేలిపోతాయి, అక్కడ మిగిలిన సమయాన్ని సరి బేసి, భాజనీయత ప్రశ్నలకు వాడుకోవచ్చు. నెగటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్కటీ ఖాళీగా వదలొద్దు. ఒక స్టేట్‌మెంట్ విడిగా చాలదని ఖాయమైతే ఆ ఆప్షన్ కొట్టేసి, మిగిలినవాటిలోంచి ఒకటి పెట్టి ముందుకెళ్లండి. జీమ్యాట్ రాసేవాళ్లకు ప్రశ్నకి రెండుంపావు నిమిషాలు దొరుకుతాయి. కానీ అదే సెక్షన్‌లో రెండు మూడు ట్యాబుల్లో సమాచారం ఇచ్చి అడిగే ప్రశ్నలకు అంతకన్నా ఎక్కువే పడుతుంది. డేటా సఫిషియెన్సీని ఒకటిన్నర నిమిషంలో ముగించగలిగితేనే ఆ లోటు పూడుతుంది. ముగించలేకపోతే అటువంటి ప్రశ్నల్లో మీరు ఎక్కడ అనవసరంగా లెక్కను చివరిదాకా సాధించారో వెనక్కి వెళ్లి చూడండి. పోయిన నిమిషాల్లో ఎక్కువ భాగం అక్కడే కనబడుతుంది.